పెద్దింట్లమ్మ పేరు విరగకుండా

పగటిపూట కైకలూరులో కంపైలు పని పెట్టుకునేవాణ్ని కాదు. చుట్టూ ఐస్ ఫ్యాక్టరీలు, చేపల చెరువుల మోటార్లు. వోల్టేజి ఒక్క తీరున ఉండేది కాదు. స్టెబిలైజరు టక్కుమన్నప్పుడల్లా గుండె ఒకసారి జారేది. రాత్రి పదకొండు దాటి బజారు సద్దుమణిగి, హౌరా వెళ్లే చేపల లారీలు లోడింగు ముగించుకుని కదిలాక కరెంటు నిలకడగా వచ్చేది. అప్పుడు షట్టరు సగానికి దించి, దోమల చుట్ట వెలిగించి, ‘మేక్’ అని కొట్టి ఎంటరు నొక్కేవాణ్ని. నల్లటి తెర మీద వరుస వెంట వరుస పైకి పాకిపోయేది. ఒక్కో వరుసలో ఒక ఫైలు పేరు, దాని ముందు బారెడు ఆప్షన్లు. ఆ ఆప్షన్లు నేను పెట్టినవే. ప్రతి వరుసలోనూ అవే తిరిగి తిరిగి కనబడుతుంటే, పంపిన మాట చేరుతోందని ధైర్యంగా ఉండేది.

ఇప్పుడు ఏ ప్రోగ్రాము కావాలన్నా ఒక్క మీట నొక్కితే తయారుగా వచ్చి కూర్చుంటుంది. అప్పట్లో లినక్స్ వాడేవాళ్లకు చాలాసార్లు సోర్స్ కోడే దిక్కు. దాన్ని మనమే కంపైలు చేసి, అంటే మిషను నడపగలిగే ప్రోగ్రాముగా మార్చి, వాడుకోవాలి. కొట్లో బియ్యం కొనుక్కోవడానికీ, ఇంటి వడ్లు బస్తాలకెత్తి మరకు తీసుకెళ్లి దగ్గరుండి పట్టించుకోవడానికీ ఎంత తేడా ఉందో అంత తేడా. మర దగ్గర మా అమ్మ ‘ఒక్క పాలిషే పట్టు నాయనా, నూక పడనీకు’ అని చెప్పేది. కంపైలరుకు మనం పెట్టే ఆప్షన్లూ ఆ మాటలాంటివే. అవే వడ్లు, అదే మర. చెప్పిన మాటను బట్టి బియ్యం మారుతుంది.

మా బాబాయికి స్టేషను రోడ్డులో చిన్న కొట్టు ఉండేది. డీటీపీ, జిరాక్సు, ఇంటర్నెట్టు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరక్క 2003లో నేనక్కడ కూర్చున్నాను. రెండే రెండు మిషన్లు. ఒకటి విండోస్ 98. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పెళ్లి శుభలేఖలు, చేపల మేత కొట్ల బిల్లు పుస్తకాలు, జాతర కరపత్రాలు అన్నీ దాని మీదే. దాన్ని ముట్టుకుంటే బాబాయి ఊరుకునేవాడు కాదు, అన్నం పెట్టేది అదే మరి. రెండోది ఇంటర్నెట్టు మిషను. చౌక రకం ప్రాసెసరు, 128 మెగాబైట్ల ర్యామ్ ముక్కలు రెండు, విజయవాడలో కూర్పించి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. దానికి విండోస్ కొనే స్తోమతు లేక, పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీల నుంచి లినక్స్ ఎక్కించాను. అప్పుడు ‘లినక్స్ ఫర్ యు’ అనే పత్రిక కూడా కొత్తగా మొదలైంది. నెలకోసారి గుడివాడ వెళ్లి ఆ పత్రికలు కొనుక్కురావడం నాకు పండగ.

ఆ కొట్టుకు ఒక మాస్టారు వచ్చేవారు. తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. తెల్ల పంచె, చంకలో గుడ్డ సంచి, సంచిలో అట్ట చిరిగిన నోటుపుస్తకం. కొల్లేటి లంకల్లో తిరిగి మాటలు పోగు చేసేవారు. చేపల పేర్లు, వలల పేర్లు, తాటిదోనెలో ఏ భాగాన్ని ఏమంటారు, నీరు ఏ రంగు తిరిగితే దాన్ని ఏ మాటతో చెబుతారు, ఇవన్నీ వంకర లేని అక్షరాలతో రాసుకున్నారు. ఆయన మనవడు అమెరికా నుంచి ఫోను చేసి, తెలుగులో విజ్ఞానసర్వస్వం ఒకటి ఇంటర్నెట్లో మొదలైందని, ఎవరైనా రాయొచ్చని చెప్పాడట. నిజమే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. దానికి శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునగారే, పత్రికల వెబ్‌సైట్ల సొంత ఫాంట్లలోని రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే పనిముట్టునూ చేశారు. ‘ఏరా అబ్బాయ్, అది చూపించు’ అన్నారు మాస్టారు. చూపించాను.

తెర మీద తెలుగు ఉంది, కానీ అది తెలుగు కాదు. గుణింతం ఒక పక్క, అక్షరం ఒక పక్క. ఒత్తు దిగాల్సిన చోట అక్షరం నెత్తిన పొల్లు పెట్టుకుని, పక్కన ఇంకో నిండక్షరం. మాస్టారు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నా చేత ఒక మాట కొట్టించారు: పెద్దింట్లమ్మ. కొల్లేటికోట అమ్మవారు. ఆ పేరులో మూడు చోట్ల ఒత్తులున్నాయి, నడుమ సున్న ఉంది. తెర మీద ప-కు ఎత్వం ఊడిపోయింది, ద-లు రెండూ విడివిడిగా నిలబడ్డాయి, ట-కీ ల-కీ సంబంధం లేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

‘ఇదేవిఁట్రా, అమ్మవారి పేరు ముక్కలు ముక్కలుగా ఉంది? ఒత్తులు కిందికి దిగవా?’

‘దిగుతాయండి మాస్టారూ, ఎక్కడో ఏదో తక్కువైంది’ అన్నాను. ఏమి తక్కువైందో నాకప్పటికి తెలియదు.

ఫాంటు తప్పేమో అనుకున్నాను. కాదు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన2000, వేమన2000 రెండూ ఎక్కించాను. ఒత్తులన్నీ అందులో ఉన్నాయి. వాటిని ఎప్పుడు, ఎక్కడ వాడాలో తెలిసిన మధ్యవర్తి లేడు. లినక్స్‌లో ఆ పని చేసేది ‘పాంగో’ అనే లైబ్రరీ. గ్రీకులో పాన్ అంటే సమస్తం, జపానీలో గో అంటే భాష. అన్ని భాషలూ అని ఆ పేరు పెట్టారు. క, పొల్లు, క వరసగా వస్తే క-కింద క-వత్తు పెట్టాలని దానికి తెలుసు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు మాత్రం లినక్స్ కోసం తయారుగా ఇచ్చే కాపీలో పాంగోను వాడేది కాదు. అక్షరాలను ఒక్కొక్కటిగా తీసి పక్కపక్కన పేర్చేది. ఇంగ్లిషుకు ఆ పేర్పు చాలు, మనకు చాలదు. సోర్స్‌లో మాత్రం ఆ సదుపాయం ఉంది. కంపైలు చేసే ముందు ‘ఎనేబుల్ పాంగో’ అని ఒక్క ఆప్షన్ రాయాలి. అంతే.

ఆ ఒక్క వాక్యం తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన భాష నిలబడటానికి కావలసిందంతా ఎవరో రాసి పెట్టారు, మీట మాత్రం నొక్కలేదు. ఆ మీట నొక్కే హక్కు కైకలూరులో కూర్చున్న నాకూ ఉంది, ఎందుకంటే సోర్స్ నా చేతికొస్తుంది. ఇరవై ఏళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఫైర్‌ఫాక్స్ 1.5 వచ్చింది 2005 నవంబరు 29న. ముప్పై నలభై మెగాబైట్ల సోర్సు. మాది డయలప్ కనెక్షను. సెకనుకు 4 కిలోబైట్లు వస్తే ఆ రోజు మంచి రోజు. లైను తెగకపోతే రెండున్నర గంటల పని. లైను తెగకుండా ఉండేది కాదు. ‘డబ్ల్యూగెట్ మైనస్ సీ’ అని కొడితే తెగిన చోటి నుంచి అందుకునేది గనక, మూడు రాత్రులు అందుకుంటూ పూర్తిచేశాను. కొత్త ఫెడోరా లినక్స్ సీడీలు తెప్పించుకుంటే ఈ బాధంతా తప్పేదేమో. కానీ ఫాల్గుణంలో అమ్మవారి జాతర. ఆలోపు మాస్టారి రాత తెర మీదికి ఎక్కాలని మనసులో పడింది.

బ్రౌజరుకు ముందు పాంగో కొత్తది కావాలి. పాంగోకు ముందు జీలిబ్. ఆ తర్వాత ఏటీకే, జీటీకే. ఇవన్నీ లైబ్రరీలే. ఒక్కోదానికి అదే తంతు: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. ఆ మూడు మాటలు మా తరానికి సంధ్యావందనంలా నోటికొచ్చు. ఆప్షన్ల కోసం ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మాస్టారి పుస్తకం చూశాకే ఆ బుద్ధి పుట్టింది. ఎడమ పేజీలో ఏ ప్రోగ్రాముకు ఏ ఆప్షన్లు పెట్టానో, కుడి పేజీలో ఏమి జరిగిందో.

జీసీసీ కంపైలరు 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ చేతుల మీదుగా వచ్చింది. దానికి చెప్పగల మాటలు వందల్లో ఉంటాయి. మేము నోటితో పలికేది నాలుగైదే. మైనస్ ఓ టూ అంటే ప్రోగ్రాము చురుగ్గా నడిచేలా చెయ్యి, కానీ అతి చెయ్యకు. మైనస్ ఓ త్రీ అంటే ఇంకా గట్టిగా చెయ్యి. కుర్రాళ్లందరికీ మొదట ఓ త్రీ మీదే మనసు. చిన్న చిన్న ఫంక్షన్లను పిలిచిన చోటల్లా అది విప్పి పరుస్తుంది, దాంతో ప్రోగ్రాము ఉబ్బుతుంది. మా మిషనులాంటి చిన్న క్యాష్ ఉన్న ప్రాసెసరు మీద ఆ ఉబ్బు భారమై, వేగం పెరగాల్సింది పోయి తగ్గేది. ఒకటికి రెండుసార్లు గడియారం పెట్టి చూసి, కుడి పేజీలో రాసుకుని, ఓ టూకి వచ్చి స్థిరపడ్డాను. ఒమిట్ ఫ్రేమ్ పాయింటర్ అని ఇంకోటి. పాత ఇంటెల్ పద్ధతి ప్రాసెసర్లకు మామూలు పనికి రిజిస్టర్లు ఎనిమిదే, వాటిలో ఒకటి లెక్కల పుస్తకంలా ఊరికే పట్టుకుని ఉంటుంది. ఈ ఆప్షన్ పెడితే అది కూడా పనిలోకి దిగుతుంది. కాకపోతే ప్రోగ్రాము కూలిపోయినప్పుడు ఎక్కడ కూలిందో వెతకడం కష్టమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మైనస్ మార్చ్. ఏ ప్రాసెసరు కోసం అని చెప్పడం. అక్కడే దెబ్బ తిన్నాను.

మిషన్ను అడిగితే ఐ686 అని చెప్పింది. నమ్మి, మార్చ్ ఈక్వల్‌టు ఐ686 అని పెట్టి, జీలిబ్ నుంచి జీటీకే దాకా రెండు రాత్రుల్లో లాగించాను. ఎక్కడా ఒక్క తప్పు రాలేదు. చివర్లో దాని మీద నడిచే చిన్న ప్రోగ్రాము తెరిస్తే, తెర మీద రెండే రెండు మాటలు: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. చట్టవిరుద్ధమైన ఆజ్ఞ. నేనేం నేరం చేశానా అనిపించింది. హైదరాబాదులో చదువుకుంటున్న స్నేహితుడికి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి, నేను పెట్టిన ఆప్షన్లు అక్షరం అక్షరం చదివి వినిపించాను. మీటరు తిరుగుతోంది, నేను మైనస్, ఎం, ఏ, ఆర్ అంటూ ఒప్పజెబుతున్నాను. వాడు అంతా విని, ‘సీపీయూ ఇన్ఫో ఫైలు తెరిచి, ఫ్లాగ్స్ అన్న వరుసలో సీమూవ్ ఉందో లేదో చూడరా’ అన్నాడు.

కొట్టుకొచ్చి చూశాను. ఫ్యామిలీ అన్న చోట 6 అనే ఉంది. ఫ్లాగుల వరుసను వేలు పెట్టి చివరిదాకా చదివాను. సీమూవ్ లేదు. షరతు నిజమైతేనే విలువను ఇక్కడి నుంచి అక్కడికి మార్చు అనే ఆజ్ఞ అది. 1995లో పెంటియం ప్రోతో వచ్చింది. ఐ686 అంటే ఆ ఆజ్ఞ ఉంటుందనే లెక్కతో కంపైలరు దాన్ని ధారాళంగా వాడేసింది. మా చౌక ప్రాసెసరుకు ఇంటిపేరు ఉంది గాని, ఆ ఒక్క విద్య రాదు. కాన్ఫిగర్ తనకోసం రాసుకునే బుల్లి పరీక్షల్లో ఆ ఆజ్ఞ అవసరమే పడలేదు, అందుకే అదీ పట్టుకోలేకపోయింది. మేక్ క్లీన్ కొట్టి అంతా తుడిచేసి, ఐ586 అని దిద్ది, మళ్లీ మొదటి నుంచీ. ఆ రోజు కుడి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: పేరు అడగొద్దు, ఏమి వచ్చో అడుగు.

తర్వాత బ్రౌజరు వంతు. దానికి ఆప్షన్లన్నీ మోజ్‌కాన్ఫిగ్ అనే ఫైల్లో రాయాలి. ఎనేబుల్ పాంగో మొదటి వరుసలోనే రాశాను, దాని కోసమే కదా ఇదంతా. డీబగ్ వద్దు, టెస్టులు వద్దు. అవి పెడితే, చివర్లో ముక్కలన్నిటినీ కలిపే లింకింగు వేళకు 256 మెగాబైట్ల ర్యామ్ ఏ మూలకూ చాలదు. ఓ టూ, ఐ586. శనివారం రాత్రి మొదలుపెట్టాను.

రెండు గంటలకు కరెంటు పోయింది. అప్పట్లో మాకు యూపీఎస్ లేదు. భయపడలేదు. మేక్ అనే ప్రోగ్రామును 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసింది, అయిన పని మళ్లీ చెయ్యకుండా ఉండటానికే. ఏ ఫైలు ఎప్పుడు మారిందో తారీఖు, టైము చూసి, అయిపోయిన వాటిని వదిలేసి, మిగిలిన వాటి దగ్గర అందుకుంటుంది. కరెంటు పోయిన క్షణాన సగం రాసిన ఫైలు ఒకటి సున్నా సైజుతో మిగిలిపోతుందనీ, దాన్ని వెతికి తీసేయకపోతే అది పూర్తయిందనే మేక్ భ్రమపడుతుందనీ నాకప్పటికే అనుభవం. తీసేశాను. మళ్లీ మేక్. తెల్లవారుజామున మళ్లీ పోయింది. మళ్లీ మేక్. కానీ ఈసారి రాత్రి అయిపోయిన ఫైళ్లనే అది తిరిగి చేస్తోంది. ఎక్కడో ఒక హెచ్చరిక చర్రున పైకి పోయింది. క్లాక్ స్క్యూ డిటెక్టెడ్. గడియారం తేడాగా ఉంది, మీ బిల్డు అసంపూర్ణం కావచ్చు.

తారీఖు అడిగితే 2000 జనవరి 1 అని చెప్పింది.

మదరుబోర్డు మీద గుండీ బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మిషను 2000వ సంవత్సరంలో కళ్లు తెరుస్తోంది. సోర్సు ఫైళ్ల మీద 2005 అని ఉంది. రాత్రంతా తయారైన ఫైళ్ల మీద 2000 అని పడింది. సోర్సు కంటే ఐదేళ్ల ముందే పుట్టిన ఫైలు ఎలా సరైనదవుతుంది? మేక్ తన ధర్మం తాను పాటించి, ప్రతిదాన్నీ పాతదని పక్కన పెట్టి మళ్లీ చేస్తోంది. ఆదివారం పొద్దున్నే వాచీలు బాగుచేసే అతని ఇంటికి వెళ్లి, కొట్టు తీయించి, ఆ బిళ్ల బ్యాటరీ కొనుక్కొచ్చాను. పాతది ఊడదీసేటప్పుడు చూస్తే దాని కింద పచ్చగా చిలుము. కొల్లేటి గాలికి ఏదైనా అంతే. ర్యామ్ కాళ్లు కూడా మసిబారి ఉంటే పిల్లలు వాడే రబ్బరుతో తుడిచాను. అంతకుముందు కంపైలరు అప్పుడప్పుడు సిగ్నల్ 11 అంటూ రోజుకో చోట చచ్చిపోయేది. ఒకే చోట చస్తే కోడు తప్పు, చోటు మారుస్తుంటే ర్యామ్ తప్పు అని పెద్దలు చెప్పినమాట. రబ్బరు వైద్యంతో అదీ కుదిరింది.

సోమవారం రాత్రి మొదలుపెట్టింది మంగళవారం మధ్యాహ్నానికి లింకింగుకు వచ్చింది. హార్డ్‌డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది. ర్యామ్ చాలక డిస్కు మీద పడింది. మౌసు కదలదు, తెర కదలదు. బాబాయి రెండుసార్లు వచ్చి ‘చచ్చిపోయిందా ఏవిఁటి?’ అని అడిగి వెళ్లాడు. నాలుగింటికి తెర మీద ప్రాంప్టు వచ్చింది.

మాస్టారికి కబురు పెట్టాను. ఆయన వచ్చేదాకా తెలుగు పేజీ తెరవలేదు. వచ్చి కూర్చున్నాక ఆ మాట కొట్టాను. పెద్దింట్లమ్మ. ద-కింద ద దిగింది, దాని మీద గుడి కూర్చుంది. ట-కింద ల ఒదిగింది. మ-కింద మ. తెర మీద వేలు పెట్టి ఆయన ఒక్కో ఒత్తునీ తడుముతూ వెళ్లారు, బళ్లో పిల్లాడి పలక దిద్దినట్టు. ఏమీ అనలేదు. వేలు మ-వత్తు దగ్గర ఆగాక, ‘పోతనామాత్యుడి పేరు పెట్టుకున్న అక్షరాలు మరి’ అన్నారు మెల్లగా.

2006లో కొల్లేరు ఆపరేషను వచ్చింది. సరస్సులో ఐదో కాంటూరు గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట, ఎవరి మొహం చూసినా అదే దిగులు. బిల్లు పుస్తకాల పని సగానికి పడిపోయింది. పగలు కొట్టు ఖాళీ. మాస్టారూ నేనూ ఆ ఖాళీలోనే ఆయన పుస్తకంలో మిగిలిందంతా ఎక్కించాం.

నా పని మాత్రం ఎక్కువ కాలం అక్కరకు రాలేదు. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చింది. అందులో తెలుగు దానంతటదే కుదిరింది, మీట నొక్కనక్కర్లేదు. ఉబుంటు, ఫెడోరాలు అప్పటికే తమ కాపీల్లో పాంగో పెట్టి ఇస్తున్నాయి. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్లు తెలుగులోనే లినక్స్ తయారుచేస్తున్నారు. సంతోషించాను. ఆ సంతోషంలోనే, షట్టరు సగం దించుకునే రాత్రులు అయిపోయాయని కూడా తెలిసింది. ఇప్పుడు ఫోన్లో తెలుగు విరగదు. ఏ ప్రాసెసరుకు సీమూవ్ వచ్చో ఎవరూ అడగరు. బాబాయి కొట్టు ఉన్న చోట మందుల షాపు ఉంది. కైకలూరు కృష్ణా జిల్లా నుంచి 2022లో ఏలూరు జిల్లాకు మారింది. మాస్టారు అంతకు చాలా ముందే పోయారు.

నా నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. ఎడమ పేజీల్లో ఆప్షన్లు, కుడి పేజీల్లో ఏమి జరిగిందో. వెనక నుంచి తిప్పితే మాస్టారు చెబుతుంటే హడావిడిగా రాసుకున్న చేపల పేర్లు. జాతర ముందు రోజు మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చేలోపు కాగితం మీదైనా ఉంటాయని రాశాను. కొరమీను, మట్టగిడస, బొమ్మిడాయి, వాలుగ, జెల్ల, మార్పు. ఆయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఇంగిలాయి దగ్గర ఆయన ఆగారు.

‘ఇది ఈమధ్య కనబడ్డం లేదురా.’

‘రాయమంటారా మాస్టారూ?’

‘రాయి’ అన్నారు.

కరెంటు వచ్చింది. మిషను ఆన్ చేసి, ముందు తారీఖు సరిగా ఉందో లేదో చూసి, ఆ పేరు కొట్టాను.